రడ్జ్ మోటారు సైకిలును విప్పి చూసిన రైతుబిడ్డ

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా)

మన ఇబ్రహీంపట్నం చుట్టుపట్ల ఏ ఊరి రైతునైనా అడిగి చూడండి. కోయంబత్తూరు ఏ దిక్కున ఉన్నదో చెప్పలేకపోవచ్చును గాని, కోయంబత్తూరు మోటారు అంటే ఠక్కున చెబుతాడు. మాకు పేరుకు పెద్ద చెరువున్నది, కుతుబ్‌షాహీల కాలం నాటిది. అయినా సేద్యం చాలామట్టుకు బోర్ల మీదనే నడుస్తుంది. ఆ బోర్లలో దించే మోటార్ల మీద, పంపుల మీద ఆ ఊరి పేరు కనబడుతూనే ఉంటుంది. నీళ్ళు లోతుకు పోయినకొద్దీ ఐదు హార్సుపవరు మోటారు తీసి ఏడున్నరది దించుడు, కాలిపోతే వైండింగు చేయించుడు, మళ్ళీ దించుడు, ఇదే మా ఇండ్లల్ల ఎండాకాలపు పని. ఆ మోటార్ల వెనుక ఒక మనిషి కథ ఉన్నదనీ, ఆ మనిషి తెలుగింటి బిడ్డ అనీ, ఆయన యంత్రవిద్య అంతా ఒక మోటారు సైకిలు ఇంజను విప్పడంతో మొదలైందనీ నాకు డిగ్రీలో చేరేదాకా తెలియదు. తెలిసిన తర్వాత ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. తరతరాల క్రిందట తమిళదేశానికి వలసపోయి, కొంగునాడు నేలల్లో సేద్యం చేసుకుంటూ, తెలుగు మరచిపోకుండా బ్రతికిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అటువంటి ఒక రైతు కుటుంబం వారిది. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. బడి అంటే ఆయనకు పడేది కాదు. పంతుళ్ళ మీద ఇసుక చల్లి పారిపోయేవాడని అక్కడి వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మన లెక్చరర్లు దీన్ని ఆదర్శంగా తీసుకొమ్మని చెబుతున్నానని అనుకోవద్దు. జరిగింది చెబుతున్నాను, అంతే.

పొలం పని చేస్తున్న ఆ కుర్రవాడి కంట ఒకనాడు ఒక మోటారు సైకిలు పడింది. దాని మీద వచ్చినవాడు ఒక తెల్ల రెవెన్యూ ఉద్యోగి. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా, తొక్కకుండా పరుగెత్తే బండి. ఆ రోజుల్లో పల్లెవాళ్ళు దాన్ని చూసి బెదిరి ఉంటారు, దండం పెట్టి ఉంటారు. నాయుడుకు మాత్రం దాని లోపల ఏమున్నదో చూడాలని పుట్టింది. చూడాలంటే అది తనదై ఉండాలి. అందుకని ఇల్లు విడిచి కోయంబత్తూరు పోయి ఒక హోటల్లో సర్వరు పనికి కుదిరాడు. ఇడ్లీ ప్లేట్లు మోసి, కూలిడబ్బులు కూడబెట్టి, దాదాపు మూడేండ్ల తర్వాత కొన్ని వందల రూపాయలు చేతబట్టుకొని ఆ బండిని కొన్నాడు. కొన్న తర్వాత ఎవరైనా ఏం చేస్తారు? నాలుగు ఊళ్ళు తిరుగుతారు. ఈయన ఇంట్లో పెట్టుకొని దాన్ని నట్టు నట్టుగా విప్పాడు. విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు. ఆ పని అయ్యేసరికి మెకానిక్కు అయ్యాడు.

ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. అసలు విషయం ఇక్కడే ఉన్నది.

ఆ బండి రడ్జ్, 1912 నాటిది. ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణంలో సైకిళ్ళు చేసే రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ అప్పుడప్పుడే, 1911లో, మోటారు సైకిళ్ళు అమ్మడం మొదలుపెట్టింది. ఆ కాలంలో ఆ కంపెనీకి పేరు తెచ్చిన ఇంజను ఒకే సిలిండరుది, మూడున్నర హార్సుపవరుది. సిలిండరు బోరు 85 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 88 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి: 499 సి.సి. వస్తుంది. గాలీ పెట్రోలూ వచ్చే వాల్వు పైన, పొగ పోయే వాల్వు పక్కన. ఇంజను నుంచి వెనుక చక్రానికి గొలుసు కాదు, బెల్టు. ఇప్పటి బండ్లలో ప్లాస్టిక్ కవర్ల కింద దాగిన పనులన్నీ అప్పుడు కంటికి కనబడేవి. ఏ ముక్క ఏ ముక్కను కదిలిస్తున్నదో వేలు పెట్టి చూపించవచ్చు. ఒక రైతు కుర్రవాడు గురువు లేకుండా నేర్చుకోగలిగాడంటే, ఆయన బుద్ధి ఎంత గొప్పదో, ఆ ఇంజను దాపరికం లేకుండా ఉండటం కూడా అంత పనికొచ్చిందని నా అభిప్రాయం.

అయినా విప్పడం సులువు, బిగించడం కష్టం. ఇంజను పని దగ్గర నిలబడి చూసిన ఎవరికైనా ఇది తెలుసు. పిస్టను రింగు తిరగేసి పడిందా, నూనె పైకెక్కి నీలిపొగ వస్తుంది. వాల్వు సమయం ఒక పన్ను తప్పిందా, ఎంత కిక్కు కొట్టినా బండి లేవదు. హెడ్డు బోల్టులు ఒక వైపే ముందు బిగించామా, గాస్కెట్టు ఊదుతుంది. పుస్తకం లేని రోజుల్లో, ఇంగ్లీషు రాని మనిషికి ఈ తప్పులే పాఠాలు. తప్పు చేసిన చోట ఇంజనే చెబుతుంది. అది మార్కులు వేయదు, కదలకుండా కూర్చుంటుంది.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద బండ్ల షెడ్లు మీరందరూ చూసే ఉంటారు. పాత ఇనుప ఇంజను బుల్లెట్టును నడిపే కుర్రవాళ్ళకు మా వైపు ఒక పిచ్చి ఉన్నది, 350 బండిని 500 చేయించుడు. మా కాక ఒకాయన చేయించినాడు కాబట్టి ఆ పని నాకు కొంత తెలుసు. అందులోని కిటుకు మామూలు గణితమే. బుల్లెట్టు 350కి బోరు 70 మిల్లీమీటర్లు, 500కు 84. పిస్టను నడిచే దూరం రెండింటికీ ఒకటే, 90 మిల్లీమీటర్లు. అంటే క్రాంకు ఊసు ఎత్తకుండా బ్లాకు, పిస్టను, హెడ్డు మార్చితే చాలునన్నమాట. బోరు పెరిగింది 14 మిల్లీమీటర్లే. కాని సిలిండరు వైశాల్యం బోరు వర్గాన్ని బట్టి ఉంటుంది గదా. 84ను 70తో భాగిస్తే 1.2, దాని వర్గం 1.44. అంటే 346 సి.సి. కాస్తా 499 సి.సి. అయి కూర్చుంటుంది, నూటికి నలభైనాలుగు వంతులు ఎక్కువ! మొదటి సంవత్సరంలో వర్గాలు ఎందుకు చదవాలి సార్ అని అడిగిన మిత్రులకు ఇది నా జవాబు.

అయితే కాగితం మీద చాలునన్నది షెడ్డులో చాలదు. పెద్ద బ్లాకు కూర్చోవాలంటే కింది కేసు నోరు లేత్ మిషను మీద కోయించాలి. పిస్టను బరువు పెరిగింది కాబట్టి పాత క్రాంకు తూకం తప్పుతుంది, బండి హ్యాండిలు చేతుల్లో వణుకుతుంది. ఒత్తిడి అంతే ఉన్నా పిస్టను ముఖం 1.44 రెట్లు అయింది గనుక కనెక్టింగు రాడ్డు మీద, బేరింగు మీద పడే దెబ్బ కూడా అంత పెరుగుతుంది. క్లచ్చు ప్లేట్లు జారుతాయి. కార్బొరేటరు చిన్నదైతే పెద్ద సిలిండరు ఆకలికి మాడుతుంది. ఇవన్నీ సర్దుకున్నా, ఆర్.సి. పుస్తకంలో 350 అని రాసి ఉన్న బండిలో 500 ఇంజను ఉండటం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. మా కాక ఈ చివరి మాట వినిపించుకోలేదు, అది వేరే సంగతి. నేను చెప్పదలచుకున్నది ఏమంటే, యంత్రంలో ఒక్క ముక్క పెద్దది చేస్తే తక్కిన ముక్కలన్నీ లేచి తమ లెక్క అడుగుతాయి. విప్పి బిగించిన వాడికే అది అర్థమవుతుంది.

ఈ విద్యలో లోకప్రసిద్ధుడు ఇంకొకడున్నాడు. నాయుడుగారికి ఆరేండ్లు చిన్నవాడు. 1899లో న్యూజీలాండు దక్షిణపు కొసన పుట్టిన బర్ట్ మన్రో. అతడూ రైతుబిడ్డే. 1920లో ఇండియన్ స్కౌట్ అనే అమెరికా మోటారు సైకిలు ఒకటి కొన్నాడు. 600 సి.సి. ఇంజను, గంటకు 55 మైళ్ళు దాని శక్తి. దాన్నే పట్టుకొని జీవితాంతం మార్చుకుంటూ పోయాడు. పాత డబ్బాలలో లోహం కరిగించి పిస్టన్లు పోసుకున్నాడు, ట్రాక్టరు ఇరుసు చెక్కి కనెక్టింగు రాడ్లు చేసుకున్నాడు, ఇంజనును 950 సి.సి. దాకా పెంచాడు. 1967లో, తన 68వ ఏట, అమెరికాలో బోనవిల్ ఉప్పు మైదానం మీద ఆ పాత బండిని 183 మైళ్ళకు పైగా వేగంతో నడిపి రికార్డు పెట్టాడు. అప్పటి లెక్కలో పొరపాటు ఉన్నదని 2014లో తేల్చి 184.087 మైళ్ళని సవరించారు. మన్రో 1978లో పోయాడు.

ఇద్దరి బండ్లూ ఎనిమిదేండ్ల తేడాలోవే. కాని మన్రో ఒక్క ఇంజనునే పట్టుకొని దాన్ని అంతకంతకు పెద్దది చేశాడు. నాయుడుగారు ఇంజను నేర్పింది నేర్చుకొని దాన్ని విడిచిపెట్టి వేరే దారిలో పోయారు. నాకు మన్రో అంటే ఇష్టం, సినిమా కూడా చూశాను. కాని ఎవరు మనకు ఎక్కువ దగ్గర అంటే నాయుడుగారే.

మొదట ఆయన బాగుపడలేదు, చెడిపోయాడు. తిరుప్పూరులో పత్తి గింజ తీసే మిల్లు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో పత్తికి గిరాకీ, బాగా డబ్బు వచ్చింది. ఆ డబ్బు పట్టుకొని బొంబాయి పోయి పత్తి వ్యాపారంలో దిగాడు. అక్కడి వాళ్ళ ముందు ఆగలేకపోయాడు. వచ్చింది పోగొట్టుకొని తిరిగొచ్చాడు. పత్తి ధర మీద ఆధారపడిన ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక ఈ ఘట్టం నాకు వింతగా తోచలేదు.

1920లో ఒక బస్సు కొన్నాడు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు పారిశ్రామికవేత్త ఆ డబ్బులో కొంత అప్పుగా ఇచ్చాడు. పొల్లాచి నుంచి పళనికి ఆ బస్సును నాయుడుగారే స్వయంగా నడిపారు. డ్రైవరు ఆయనే, మెకానిక్కు ఆయనే, యజమానీ ఆయనే. దారిలో బండి ఆగితే ఇంకొకరి కోసం చూడవలసిన పని లేదు. ఇక్కడ హోటలు సర్వరు సంపాదించుకున్న చదువు పనికొచ్చింది. ఒక బస్సు పది అయింది, పది వందలయ్యాయి. యూనివర్సల్ మోటార్ సర్వీస్, అంటే యు.యం.యస్., అనే ఆ సంస్థ దేశంలోనే లెక్కకెక్కిన బస్సు సంస్థ అయింది. బస్సులు పెరిగితే మరమ్మతులు పెరుగుతాయి, మరమ్మతులకు సొంత షెడ్డు కావాలి, షెడ్డుకు లేతులు కావాలి, లేతులు ఉంటే విడిభాగాలు మనమే చేసుకోవచ్చు గదా అన్న ఆలోచన వస్తుంది. నాయుడుగారు కనిపెట్టిన వస్తువులన్నీ ఆ వర్క్‌షాపు లోంచి పుట్టినవే. ఏదో ఒకనాడు తలమీద ఆపిలు పండు పడి కాదు.

ఆ వస్తువుల జాబితా చాలా పొడుగు. టార్చిలైటు సెల్లుతో నడిచే చిన్న మోటారు పెట్టిన గడ్డం గీసుకునే రేజరు, దాని పేరు రాసంట్, జర్మనీలో తయారు చేయించాడు. పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే మిషను, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓట్ల యంత్రం, తక్కువ ఖరీదు రేడియో. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని ప్రదర్శనకే మిగిలాయి. ఫోటోల పిచ్చి కూడా ఉండేది. 1936లో ఇంగ్లండులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను సినిమా తీశాడు, ఆ ఏడే బెర్లిన్ ఒలింపిక్సుకు పోయాడు. ఎన్నికల్లోనూ ఒకసారి నిలబడి ఓడిపోయాడు. ఈ సంగతులు చదవడానికి సరదాగా ఉంటాయి గాని నేను వాటి మీద ఎక్కువ నిలవను.

నిలవవలసింది 1937 మీద. కోయంబత్తూరులో డి. బాలసుందరం నాయుడు అనే మరొక ప్రతిభావంతుడితో కలిసి ఆ ఏడు ఆయన విద్యుత్తు మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన మొదటి విద్యుత్తు మోటారు అదేనంటారు. అప్పటిదాకా మోటారు అంటే ఓడ దిగి రావలసిందే. నీలగిరిలో పైకారా జలవిద్యుత్తు 1930ల మొదట్లో కోయంబత్తూరుకు అందింది. కరెంటు వచ్చింది, పత్తి మిల్లులు లేచాయి, చుట్టూ లోతైన బావుల కింద సేద్యం ఉన్నది. బావిలో నీళ్ళు మోట కొట్టి ఎంత తోడగలరు? ఈ మూడూ ఒక్కచోట కలిసినప్పుడు మోటారు చేయగల చేతులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఒక షెడ్డు పక్కన ఇంకొకటి, ఫౌండ్రీ పక్కన ఫౌండ్రీ పుట్టి దేశమంతటికీ పంపులు పంపే ఊరైంది. అంతా నాయుడుగారి ఘనతే అంటే అబద్ధం అవుతుంది. ఎందరో కంసాలి, కమ్మరి, రైతు కుటుంబాల వాళ్ళు కలిసి చేసిన పని అది. కాని దారి చూపినవాళ్ళలో ఆయన ముందున్నాడు. మా బావుల మీద మోట పోయి మోటారు వచ్చిందంటే ఆ షెడ్లలో మొదలైన పని కూడా అందుకు కారణం. మా తాత మోట కొట్టినవాడు. ఆయన భుజాల మీద తాడు కాయలు నేను చిన్నప్పుడు తడిమి చూసినాను.

1952లో నాయుడుగారు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారు చేశారు. ఖరీదు రెండు వేల రూపాయలు. కాని ప్రభుత్వం తయారీకి లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడే ఆగిపోయింది. చిన్నకారు అనే మాట కోసం మన దేశం మరి మూడు దశాబ్దాలు, 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చేదాకా ఎదురుచూసింది. నాయుడుగారి కారు రోడ్డెక్కి ఉంటే ఎట్లా ఉండేదో మనకు తెలియదు. ఒక్క కారు చేయడం వేరు, రోజుకు వంద చేయడం వేరు. ఆయన చేయగలిగేవాడేనని చాలామంది రాస్తారు. నేనైతే, ప్రయత్నం చేసే అవకాశం ఇవ్వవలసింది అనేదాకానే పోతాను.

ఇప్పుడు మన కాలేజీలో చదివే వాళ్ళందరికీ సంబంధించిన విషయానికి వస్తాను. 1944లో ఆయన మోటారు వ్యాపారం నుంచి చాలావరకు తప్పుకొని చదువుల వైపు తిరిగాడు. మరుసటి ఏడు, 1945లో, ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కాలేజీ ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ప్రాథమిక బడి దాటని నాయుడుగారే ఆ కాలేజీకి ప్రిన్సిపాలు! ఇది వినగానే మా క్లాసులో చప్పట్లు కొట్టినవాళ్ళున్నారు. చప్పట్లు ఆగిన తర్వాత కథ ఇంకా ఉన్నది.

నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమని ఆయన నమ్మకం. రెండేండ్లు చాలు, పని చేస్తూ నేర్పితే అంతకన్నా అక్కరలేదు అన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పంతం విడిచిపెట్టలేదు, ఆ పదవినే విడిచిపెట్టాడు. తర్వాత తన సొంతంగా తక్కువ కాలపు శిక్షణ తరగతులు నడిపాడు. ఆ కాలేజీ మాత్రం నిలబడింది. అదే ఈనాటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాలుగేండ్ల చదువు చెబుతూనే ఉన్నది.

ఎవరిది ఒప్పు? ఇది నాకు పుస్తకాల ప్రశ్న కాదు. మా ఇబ్రహీంపట్నం చుట్టూ, సాగర్ రోడ్డు పొడుగునా ఎన్ని ఇంజనీరింగు కాలేజీలో మీకు తెలుసు. మా ఊరి పొలాలు కొన్ని వాటి కాంపౌండు గోడల లోపలికి పోయినాయి. నాతో పదో తరగతి చదివినవాళ్ళలో చాలామంది అక్కడ చేరినారు. ఒక ఎకరం అమ్మి ఫీజులు కట్టినవాళ్ళను నేను ఎరుగుదును. నాలుగేండ్ల మెకానికల్ చదువు అయినా సొంత చేతులతో ఒక ఇంజను దించి చూడనివాడు ఉన్నాడు. అతడి తప్పు లేదు, ఎవరూ దించనియ్యలేదు. అతడిని చూస్తే నాయుడుగారిదే నూటికి నూరుపాళ్ళు నిజం అనిపిస్తుంది. నన్ను బి.యస్సీ.లో చేర్పించిన రోజు మా నాయిన కూడా ఇదే అడిగినాడు, దీంతో చేతికి ఏం పని వస్తదని. నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

ఇప్పుడు సగం జవాబు ఉన్నది. మా కాక బుల్లెట్టుకు పెద్ద పిస్టను వేసిన మేస్త్రీ చేతిపని గొప్పది. కాని వేసిన రెండు నెలలకే కింది బేరింగు పోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. 1.44 అనే అంకె ఆయనకు తెలిసి ఉంటే బ్లాకు తెచ్చిన రోజే బేరింగు సంగతి ఆలోచించేవాడు. మన్రో కూడా ఎన్నో పిస్టన్లు, రాడ్లు పగులగొట్టుకొని నేర్చుకున్నాడు, పగిలిన వాటిని అరల్లో వరుసగా పెట్టుకున్నాడు. ఆయనకు ఒక జీవితమంతా తీరిక ఉన్నది. బోరు మోటారు కాలిపోతే మళ్ళీ దించడానికి కూలి, క్రేను, వైండింగు డబ్బులు పుట్టించవలసిన రైతుకు అన్నిసార్లు పగులగొట్టుకొనే తాహతు లేదు. లెక్క తెలిసినవాడు తక్కువ పగులగొడతాడు. కాబట్టి కాలం తగ్గించాలన్న మాటలో నాయుడుగారితో నేను ఏకీభవించను. విప్పడంతోనే చదువు మొదలు కావాలన్న మాటలో మాత్రం ఆయనతోనే ఉంటాను. మొదటి సంవత్సరం మొదటి నెలలో రడ్జ్ లాంటి ఒక పాత ఇంజనును బల్ల మీద పెట్టి, పానాలు చేతికిచ్చి, మళ్ళీ బిగించి స్టార్టు చేసేదాకా ఇంటికి పంపకపోతే ఆ తర్వాత చెప్పే థర్మోడైనమిక్సు చెవికెక్కుతుంది. ఇది మన ఫిజిక్సు డిపార్టుమెంటువారికి సవినయంగా ఒక మనవి కూడా. పాత స్కూటరు ఇంజను పాతసామాను వాళ్ళ దగ్గర అగ్గువకే దొరుకుతది.

నాయుడుగారు పదవి విడిచిపెట్టడంలో ఇంకొక సంగతి ఉన్నది. ఆయన ఒప్పుకొని ఉండి, నాలుగేండ్ల కోర్సులోనే తన పద్ధతి చొప్పించి ఉంటే ఏమయ్యేదో. తన బస్సుల షెడ్డులో ఆయన మాట శాసనం. యూనివర్సిటీ అనేది షెడ్డు కాదు, అక్కడ నలుగురితో వాదించి ఒప్పించాలి. ఇంజనులో ఒక ముక్క మార్చితే మిగతా ముక్కలు లెక్క అడుగుతాయని ఆయనకు బాగా తెలుసు. మనుషుల సంస్థలోనూ అంతేనని ఒప్పుకోవడానికి ఆయనకు మనసు రాలేదనిపిస్తుంది. ఇది చిన్నవాడి పెద్దమాట అనుకుంటే క్షమించగలరు.

పుట్టింది పొలంలో గనుక పొలాన్ని కూడా ఆయన ఇంజనులాగానే చూశాడు. పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేశాడు. ఆయన తోటను సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు చూసి మెచ్చుకున్నారు. విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులు మన తెలుగు నేలవారే. ఈ ఇద్దరినీ ఒక్క తోటలో పక్కపక్కన ఊహించుకుంటే బాగుంటుంది. ఒకరు ఇంజనీరింగు చదువుకు నిలువెత్తు రూపం, ఇంకొకరికి ఆ చదువు మీదనే అనుమానం.

1974 జనవరి 4న నాయుడుగారు కోయంబత్తూరులో కన్నుమూశారు. ఆయన మీద తీసిన డాక్యుమెంటరీకి జాతీయ బహుమతి వచ్చింది. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద 10 కిలోమీటర్ల పొడుగు ఫ్లైఓవరు తెరిచి దానికి ఆయన పేరు పెట్టారు. ఆ రోడ్డు మీదనే ఆయన వస్తువుల ప్రదర్శనశాల ఉన్నది, పక్కనే పాత కార్ల మ్యూజియం కూడా. హోప్ కాలేజీ ఏనాడో తడాగం రోడ్డుకు వెళ్ళిపోయినా, అది మొదట ఉన్న చోటును అక్కడి కండక్టర్లు, జనం ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు.

విద్యార్థి సంఘంవారికి ఒక్క మాట. ఏటా మన విహారయాత్ర ఊటీకే పోతుంది. ఊటీకి పోవాలంటే శబరి ఎక్స్‌ప్రెస్సులో కోయంబత్తూరు మీదుగానే గదా దారి. ఈసారి అక్కడ ఒక పూట దిగుదాం. టికెట్టు ఖర్చు పెద్దగా కాదు, కావాలంటే నేనే లెక్క వేసి ఇస్తాను.